పత్రికాధిపతిగా అనీబిసెంటు

విజయవాడలో బీసెంటురోడ్డు అనగానే మనకు జ్ఞప్తికి వచ్చునవి బట్టల దుకాణములు, పండుగలనాటి జనసమ్మర్దము. మదనపల్లెలో ఆ పేరుతో ఒక కళాశాల కలదు. చెన్నపట్టణమున అడయారు చెంత ఒక పేటకే ఆ పేరు పెట్టిరి. ఇన్ని చోట్ల నిలిచిన యీ పేరు ఎవరిదని అడిగినచో, చదువుకొన్నవారు రెండు సమాధానములు చెప్పుదురు. ఆమె దివ్యజ్ఞానసమాజమునకు అధ్యక్షురాలు అని కొందరు, హోంరూలు ఉద్యమమును నడపిన నాయకురాలు అని కొందరు. రెండును సత్యములే. కాని ఇరువదియారేండ్ల ప్రాయము దాటినది మొదలు వృద్ధాప్యము వరకు ఆమె విడువక చేసిన పని మరియొకటి కలదు. అది పత్రికలు నడపుట, అచ్చుకూటములు పెట్టుట, గ్రంథములను ప్రకటించి అమ్ముట. నలుబదియాఱవ యేట పరదేశమునుండి వచ్చి ఈ దేశమునే తన దేశముగా జేసికొనిన ఒక స్త్రీ, చెన్నపట్టణమున దినపత్రికను కొని, దానిని ప్రభుత్వము ధరావతులతో అణచివేయజూచినను నడపి, ఏమి సాధించెనో, ఏమి పోగొట్టుకొనెనో తెలిసికొనుట నేటి ప్రసంగవిషయము.

అనీ వుడ్ 1847వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండను నగరమున జన్మించినది. తల్లి ఐరిష్ వనిత. తండ్రికిని ఐర్లండుతో రక్తబంధము కలదు. అయిదేండ్ల ప్రాయముననే తండ్రి పోయెను. తల్లి హారో పాఠశాలలో చదువుకొను బాలురకు వసతిగృహము నడపి సంసారమును ఈడ్చుకొని వచ్చినది. ఇరువదవ యేట, అనగా 1867 డిసెంబరులో, అనీ ఫ్రాంకు బెసెంటు అను మతాచార్యుని వివాహమాడినది. 1869లో ఒక కుమారుడు, 1870లో ఒక కుమార్తె కలిగిరి.

వివాహమైన తొలిదినములలోనే ఆమె చిన్న కథలు వ్రాసి ఒక వారపత్రికకు పంపెను. వారు కథను ప్రకటించి ముప్పది షిల్లింగులు పారితోషికముగా పంపిరి. అది ఆమె స్వయముగా ఆర్జించిన మొదటి ధనము. ఆ సంతోషము ఎంతో సేపు నిలువలేదు. వివాహిత యైన స్త్రీ ఆర్జించిన ధనము భర్తకే చెందునని అప్పటి ఇంగ్లండు శాసనము. భార్య సంపాదించినది భార్యదే యను శాసనము 1870లో గాని అచ్చట పుట్టలేదు. కలము చేతబట్టి వ్రాసినది ఒకరు, ఫలము మరియొకరిది. ఈ అన్యాయమును ఆమె జీవితాంతము మరువలేదు. తన ఆత్మకథలో ప్రత్యేకముగ పేర్కొన్నది. వ్రాయువానికి తన వ్రాతపై అధికారము ఉండవలెనన్నచో ఆ వ్రాతను అచ్చువేయు సాధనముపైనను అధికారము ఉండవలెనని ఆమె తరువాతి జీవితమంతయు చాటుచున్నది.

భార్యాభర్తలకు మతవిశ్వాసములలో పొత్తు కుదరలేదు. 1873లో వారు విడిపోయిరి. కుమారుడు తండ్రివద్ద, కుమార్తె తల్లివద్ద ఉండునట్లు ఏర్పాటయ్యెను. లండనులో చిన్న ఇల్లు తీసికొని బ్రతుకుతెరువు వెదకుచున్న ఆమెకు 1874లో చార్లెసు బ్రాడ్లా యను స్వతంత్రచింతకునితో పరిచయము కలిగెను. ఆయన నేషనల్ రిఫార్మర్ అను వారపత్రికను నడపుచుండెను. కొద్దిపాటి వారవేతనముమీద ఆయన ఆమెను పత్రికలో చేర్చుకొనెను. ఏజాక్స్ అను మారుపేరుతో ఆమె వ్యాసములు వెలువడినవి. వ్రాయుట, వ్రాసినదానిని దిద్దుట, అచ్చుప్రతులు చూచుట, ఊరూర తిరిగి ఉపన్యసించుట, ఇవన్నియు ఆమె అచ్చటనే నేర్చినది. ధ్వనివర్ధకయంత్రములు లేని ఆ కాలమున వేలకొలది జనులకు వినబడునట్లు మాటలాడగల కంఠము ఆమెది.

1877లో ఆమెయు బ్రాడ్లాయు కలసి ఫ్రీథాట్ పబ్లిషింగ్ కంపెనీ యను ప్రచురణసంస్థను స్థాపించిరి. అది మొట్టమొదట చేసిన పనులలో నొకటి, అమెరికా వైద్యుడు చార్లెసు నోల్టన్ సంతాననియమనమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమును ఆరుపెన్నీల వెలకు మరల ముద్రించి అమ్ముట. ఆ పుస్తకము అశ్లీలమని అంతకుముందే ఒక వ్యాపారికి శిక్ష పడియుండెను. పేదకుటుంబముల తల్లులకు శరీరారోగ్యమును గూర్చిన జ్ఞానమును నిషేధించు అధికారము ఎవరికిని లేదన్నది అనీబిసెంటు వాదము. ప్రభుత్వము వారిరువురిని పట్టుకొని విచారణకు నిలిపెను. న్యాయవాదిని పెట్టుకొనక ఆమె తన పక్షమును తానే వాదించినది. ఆరుమాసముల కారాగారము, రెండువందల పౌనుల జరిమానా శిక్షగా విధింపబడెను. కాని అభియోగపత్రములోని ఒక లోపమువలన 1878లో పై న్యాయస్థానము ఆ శిక్షను కొట్టివేసెను. ఈ లోపల పుస్తకము లక్షకు మించి అమ్ముడుపోయినది. నిషేధమే ప్రకటన యైనది.

అయినను ఆ విజయమునకు ఆమె చెల్లించిన వెల చిన్నది కాదు. ఇట్టి పుస్తకమును ప్రకటించిన స్త్రీ తల్లిగా ఉండదగదని భర్త న్యాయస్థానమునకు వెళ్ళెను. 1878లో కుమార్తె మేబెలును తల్లి వద్దనుండి తీసికొని తండ్రికి అప్పగించిరి. శిక్షను తప్పించుకొనగలిగిన శాసనమే బిడ్డను తీసికొనిపోయినది. బిడ్డలిద్దరును యుక్తవయస్కులై తమంతట తాము తల్లిని వెదకికొని వచ్చువరకు ఆమె ఆ దుఃఖమును అనుభవించినది. ఒక ప్రకటనకర్త తన ప్రకటనలకు బాధ్యత వహించుట యనగా ఏమో, ముప్పదియొక యేట ఆమెకు ఈ విధముగా తెలిసివచ్చెను.

1883లో ఆమె అవర్ కార్నర్ అను మాసపత్రికను స్వయముగా ఆరంభించెను. 1888లో డబ్ల్యు. టి. స్టెడ్ అను ప్రసిద్ధ పత్రికాసంపాదకునితో కలసి ది లింక్ అను అరపెన్నీ వారపత్రికను స్థాపించెను. ఈ చిన్న పత్రికలోనే 1888 జూన్ 23వ తేదీన లండనులోని తెల్ల బానిసత్వమును గూర్చి ఆమె వ్యాసము వెలువడినది. అది బ్రయంట్ అండ్ మే వారి అగ్గిపుల్లల కర్మాగారమున పనిచేయు బాలికల స్థితిని వర్ణించిన వ్యాసము. పదునారేండ్ల బాలికకు వారమునకు నాలుగు షిల్లింగులు జీతము. కాళ్ళు మురికిగా నున్నవని, మాటలాడిరని, ఆలస్యముగా వచ్చిరని జరిమానాలు. వాటాదారులకో, నూటికి ఇరువదికి పైగా లాభము. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ విగ్రహమును నిలుపుటకని ఒక్కొక్కరి జీతమునుండి ఒక షిల్లింగు కోసిరని కూడ ఆమె వ్రాసెను.

యజమానులు ఆ వ్యాసము అబద్ధమని వ్రాసియిచ్చిన కాగితములపై సంతకములు చేయుడని బాలికలను బలవంతపెట్టిరి. వారు చేయలేదు. ఒక పనికత్తెను తొలగింపగనే జూలై మొదటివారమున సుమారు పదునాలుగువందల మంది స్త్రీలు పని మానిరి. సమ్మె చేయుడని అనీబిసెంటు చెప్పలేదు. ఆ నిశ్చయము ఆ కార్మికురాండ్రది. కాని వారు ఆమె కార్యాలయమునకు నడచి వచ్చినప్పుడు తలుపు మూయక, చందాలు పోగుచేసి, పార్లమెంటు సభ్యులకు వారి గోడు వినిపించి, పత్రికలలో వ్రాయించెను. మూడు వారములలోపల యజమానులు దిగివచ్చిరి, జరిమానాలు పోయినవి. కార్మికురాండ్రు సంఘము ఏర్పరచుకొనగా ఆమె దానికి తొలి కార్యదర్శి యయ్యెను. అరపెన్నీ పత్రిక యొక్క బలము ఎంతటిదో లోకమునకు తెలిసెను.

మరుసటి సంవత్సరము స్టెడ్ ఆమెకు సమీక్షింపుడని ఒక గ్రంథమును పంపెను. అది మేడమ్ బ్లావట్‌స్కీ రచించిన గ్రంథము. సమీక్షకురాలుగ చదువనారంభించి ఆమె దివ్యజ్ఞానసమాజ సభ్యురాలుగ ముగించెను. పాత మిత్రులు విస్మయపడిరి, కొందరు దూరమైరి. ఆ మార్గమే ఆమెను మన దేశమునకు తెచ్చినది. 1893 నవంబరు 16వ తేదీన ఆమె తూత్తుకుడి రేవున దిగినది. అప్పటి కామె వయస్సు నలుబదియారు. చీర కట్టినది, సంస్కృతము నేర్చినది, 1898లో కాశీనగరమున సెంట్రల్ హిందూ కళాశాలను నెలకొల్పుటలో ముఖ్యపాత్ర వహించినది. ఆ కళాశాలయే తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు మూలమైనది. 1907లో సమాజాధ్యక్షురాలై అడయారునందు స్థిరపడి, థియోసాఫిస్టు మాసపత్రికా సంపాదకత్వమును చేపట్టెను. అడయారులోని ముద్రణాలయమునకు వసంతా ముద్రణాలయమని పేరు. బీసెంటు అను పేరును మనవారు వసంతగా మార్చుకొనుటలోనే ఆమెపై వారికి గల ఆదరము తెలియుచున్నది.

ఇచ్చటికి వచ్చిన తరువాత ఇరువదియేండ్లవరకు ఆమె రాజకీయములలో ప్రవేశింపలేదు. విద్య, మతము, సంఘసంస్కారము, ఇవియే ఆమె రంగములు. కాని విద్యాలయమున మేల్కొన్న బాలుడు వెలుపలికి వచ్చి స్వేచ్ఛలేని దేశమును చూచినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ఆమెను మరల పత్రికారంగమునకు ఈడ్చినది. 1914 జనవరిలో కామన్‌వీల్ అను వారపత్రికను ఆరంభించెను. దానితో తృప్తిపడక ఆ సంవత్సరమే మద్రాస్ స్టాండర్డ్ అను పాత దినపత్రికను కొని, దానికి న్యూ ఇండియా అని నూతన నామకరణము చేసెను. అప్పటి కామె అరువదియారేండ్ల వృద్ధురాలు. ఆ వయస్సున దినపత్రికాభారమును తలకెత్తుకొనుటకు ఎంత ధైర్యము కావలెనో, ఒక్కనాడైనను సంచిక వెలువరించినవారికే తెలియును.

ఆ సంవత్సరము మన తెలుగువారికిని స్మరణీయమైనది. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లోనే చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రికగా వెలువరింపసాగిరి. ఒకే పట్టణమున, ఒకే సంవత్సరమున, ఒకవైపు తెలుగువారి దినపత్రిక, మరియొకవైపు ఒక పాశ్చాత్యవనిత నడపు ఆంగ్ల దినపత్రిక. రెంటికిని లక్ష్యము స్వపరిపాలనమే. బందరులో ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక అప్పటికే ఆ పనిలో నిమగ్నమై యుండెను. ఆ మహాయుద్ధకాలమున దేశవార్తలకొరకు ఎదురుచూచు తెలుగు చదువరికి ఈ పత్రికలన్నియు ఒకే వాద్యబృందమువలె వినిపించెను.

న్యూ ఇండియా కార్యాలయమున ఆమెకు సమర్థులైన సహాయకులు లభించిరి. జార్జి అరండేలు, బి. పి. వాడియా ఆమెకు కుడిఎడమ భుజములు. జేమ్స్ కజిన్సు అను ఐరిష్ కవి 1915లో ఆ పత్రికలో పనిచేయుటకే భార్య మార్గరెట్‌తో కూడ సముద్రము దాటి వచ్చెను. అచ్చటి పద్ధతి ఆమె లండనులో నేర్చిన పద్ధతియే. ఒక విషయమును పట్టినచో దానిని దినదినము విడువక చెప్పుట. అదే విషయమును చిన్న పుస్తకముగా వేసి కొద్దివెలకు అమ్ముట. మరల దానినే సభలలో ఉపన్యసించి, ఆ ఉపన్యాసమును పత్రికలో ప్రకటించుట. 1916 సెప్టెంబరు 3వ తేదీన ఆమె హోంరూలు లీగును స్థాపించునాటికి ఇరువదియారు ఆంగ్ల పుస్తికలు మూడు లక్షల ప్రతులవరకు ప్రచారమైనవి. పత్రిక ముందు నడచినది. సంఘము దాని వెనుక వచ్చినది.

ఈ ఉద్యమమునకు ఆంధ్రదేశమున మంచి స్వాగతము లభించెను. 1908లోనే స్వరాజ్య పత్రికలోని వ్రాతలకు కారాగారశిక్ష అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆంధ్రప్రాంతమున హోంరూలు ప్రచారమునకు కార్యదర్శి యైరి. ఒకనాడు రాజద్రోహమని చెరసాలకు పంపబడిన మాటనే, మరియొకనాడు రాజు జాతికే చెందిన స్త్రీ పత్రికాముఖమున పలుకుచుండుట చూచి జనులు ఆశ్చర్యమును ఆనందమును పొందిరి.

ప్రభుత్వము ఊరకుండునా? 1910వ సంవత్సరపు ముద్రణాలయశాసనమును ప్రయోగించెను. ఈ శాసనము పనిచేయు తీరు తెలిసికొనదగినది. సంపాదకుని బంధింపనక్కరలేదు, విచారణ జరుపనక్కరలేదు. నీ అచ్చుకూటమునకు ఇంత ధరావతు చెల్లింపుమని అధికారి ఉత్తరువు పంపును. చెల్లించిన తరువాత ప్రభుత్వమునకు నచ్చని వ్రాత ఏదైన కనబడినచో ఆ ధనము జప్తు. మరల పత్రిక నడపవలెనన్నచో అంతకుమించిన ధరావతు, పదివేల రూపాయలవరకు. రెండవమారు జప్తయినచో ధనముతో పాటు అచ్చుయంత్రములును పోవచ్చును. మాట తప్పా ఒప్పా యని తేల్చుటకు ముందే మాటకు వెలకట్టు శాసనమిది. పేదవాని పత్రిక మొదటి దెబ్బకే మూతపడును. కత్తి లేకుండ గొంతు కోయు విద్య యిది.

1916 మేనెలలో న్యూ ఇండియాకు రెండువేల రూపాయల ధరావతు కోరబడెను. ఆమె చెల్లించి తన ధోరణిని మార్చుకొనక వ్రాసెను. ఆగస్టులో ఆ రెండువేలు జప్తయ్యెను. మరల పదివేలు కోరిరి, అదియు చెల్లించెను. హైకోర్టునకు వెళ్ళెను, అచ్చట ఓడిపోయి, ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1919లో అచ్చటను ఆమెకు విజయము లభింపలేదు. కాని ఆ వ్యాజ్యములవలన శాసనస్వరూపము దేశమునకంతకును తేటతెల్లమైనది. చదువరులు చందాలు పంపిరి. ఇంగ్లండులో పుస్తకముపై నిషేధము ప్రకటనయైనట్లే, ఇచ్చట జప్తు ఉత్తరువు ప్రకటన యయ్యెను. ఆ ముద్రణాలయశాసనము 1922లో రద్దు చేయబడెను.

ఒక్క విషయమున ఆమెకును వెనుకకు తగ్గవలసి వచ్చెను. 1916 ఈస్టరు పండుగనాడు ఐర్లండులో తిరుగుబాటు చెలరేగెను. ఆ నాయకులను కొనియాడుచు జేమ్స్ కజిన్సు వ్రాసిన వ్యాసము న్యూ ఇండియాలో వెలువడగా ప్రభుత్వమునకు ఆగ్రహము కలిగెను. కజిన్సు పత్రికను విడిచి మదనపల్లెలోని కళాశాలకు వెళ్ళవలసినవాడయ్యెను. ధరావతు కత్తి మెడపై వ్రేలాడుచుండగా సంపాదకుడు తన మిత్రునైనను నిలుపుకొనజాలడని యిది తెలుపుచున్నది. అయినను ఆ నష్టము రాయలసీమకు లాభమైనది. 1915లో ఏర్పడిన ఆ కళాశాలకే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథఠాకూరు విచ్చేసి, జనగణమన గీతమును అచ్చటనే ఆంగ్లములోనికి అనువదించెను. మార్గరెట్ కజిన్సు ఆ గీతమునకు స్వరములు కూర్చినది.

1917 జూన్ 16వ తేదీన మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆమెను, అరండేలును, వాడియాను నిర్బంధింప ఉత్తరువు చేసెను. ముగ్గురును ఉదకమండలమునకు వెళ్ళిరి. ఆమె తాను ఉన్న ఇంటిమీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల హోంరూలు పతాకమును ఎగురవేసెను. దేశమంతట సభలు జరిగినవి. అంతవరకు దూరముగా నున్న నాయకులుకూడ లీగులో చేరిరి. సర్ సుబ్రహ్మణ్యఅయ్యరు అమెరికా అధ్యక్షుడు విల్సనుకు ఉత్తరము వ్రాసి, దానిపై వచ్చిన మందలింపునకు బదులుగా తన బిరుదునే త్యజించెను. సెప్టెంబరులో ప్రభుత్వము ఆమెను విడుదల చేసెను. ఆ డిసెంబరులో కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆమె అధ్యక్షత వహించినది. ఆ పీఠమెక్కిన స్త్రీలలో ఆమె మొదటిది. ఆ సంవత్సరాంతమునకు లీగు సభ్యులు ఇరువదియేడు వేల వరకు పెరిగిరి.

ఈ సంవత్సరములలోనే ఆమె చుట్టును ఉన్నవారు మరికొన్ని సత్కార్యములకు అంకురార్పణ చేసిరి. 1917 మేలో అడయారున భారతమహిళాసంఘము పుట్టెను; ఆమె దానికి అధ్యక్షురాలు. ఆ సంఘము వారి స్త్రీధర్మ పత్రికలో ఆంగ్లముతో పాటు అప్పుడప్పుడు తెలుగు, తమిళ రచనలును చోటు చేసికొనెను. ఆ డిసెంబరులో సరోజినీదేవి నాయకత్వమున స్త్రీలు మాంటేగు మంత్రిని కలసి ఓటుహక్కు కోరిరి. న్యూ ఇండియాలో పనిచేసిన వాడియా 1918 ఏప్రిలులో చెన్నపట్టణపు మిల్లు కార్మికులతో మద్రాసు లేబరు యూనియనును స్థాపించెను. లండనులో అగ్గిపుల్లల కార్మికురాండ్రు చూపిన బాట, ముప్పదియేండ్ల తరువాత పెరంబూరు వరకు వచ్చినదని చెప్పవచ్చును.

ఆమెను ఆక్షేపించినవారు లేకపోలేదు. పరదేశీయురాలు మన పక్షమున మాటలాడుటేమని తెల్లదొరల పత్రికలు పరిహసించినవి. అది తేలికగా త్రోసివేయదగిన మాట. కాని బ్రాహ్మణేతర నాయకులు వేసిన ప్రశ్న బరువైనది. స్వపరిపాలనము వచ్చినచో పాలించువారెవరు? చదువు, ఉద్యోగములు ఒక వర్గమువారి చేతిలో నున్న దినములలో హోంరూలు ఎవరికి లాభము? 1916 తుదిలో వారు దక్షిణభారత ఉదారసంఘమును స్థాపించి, జస్టిస్ అను ఆంగ్లపత్రికను, తెలుగున ఆంధ్రప్రకాశికను తమ వాణిగా చేసికొనిరి. న్యూ ఇండియా ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయెను. పత్రికకు పత్రికయే సమాధానమని మాత్రము ఆ వివాదము నిరూపించినది.

ఇంటిలోపలి ఆక్షేపణ మరియొకటి. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముని ఆమె పెంపకమునకు తీసికొనగా, తండ్రి నారాయణయ్యగారు బిడ్డలను తన కప్పగింపుడని వ్యాజ్యము వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షమున తీర్పు చెప్పెను. 1914లో ప్రీవీ కౌన్సిలు ఆమెకు అనుకూలముగా తీర్చెను. ఒకనాడు న్యాయస్థానము చేత బిడ్డను పోగొట్టుకొనిన తల్లి, మరియొకనాడు ఒక తండ్రికి ఎదురుగా న్యాయస్థానమున నిలువవలసి వచ్చెను. చెన్నపట్టణపు పత్రికలు ఆమెను తీవ్రముగ విమర్శించినవి. స్వయముగా పత్రికలు నడపువారు పరుల పత్రికలలో తమ పేరు ఎట్లు కనబడునో చూచుకొనుటకు సిద్ధపడియుండవలెను.

1919లో గాంధీమహాత్ముడు రౌలటు శాసనములకు ప్రతిగా సత్యాగ్రహమును ఆరంభించెను. శాసనములను బుద్ధిపూర్వకముగ ఉల్లంఘించుట ప్రమాదకరమని, జనసమూహము అదుపు తప్పునని అనీబిసెంటు తలచెను. ఆ తలపును దాచక పత్రికలో వ్రాసెను. 1920లో సహాయనిరాకరణమును వ్యతిరేకించెను. రెండు సంవత్సరములకు పూర్వము ఆమెను పూలమాలలతో ముంచెత్తిన జనము ఆమెకు దూరమయ్యెను. చదువరులు తగ్గిరి, మిత్రులు తగ్గిరి. తాను తెరచిన తలుపుగుండనే జనము తన్ను దాటి ముందునకు సాగిపోవుట ఆమె కన్నులార చూచినది. లోకప్రియత్వముకొరకు ఒక వాక్యమైన మార్చి వ్రాసియున్నచో ఆమె పత్రిక నిలిచియుండెడిది కాబోలు. ఆమె వ్రాయలేదు. ఆమె అభిప్రాయము సరియైనదా కాదా యను విషయమున దేశము ఆనాడే తీర్పు చెప్పినది. గాంధీమహాత్ముని వెంట నడచినది. కాని ప్రభుత్వమునకు వెరవక వ్రాయుటకంటె తన పాఠకులకు వెరవక వ్రాయుట కష్టతరమైన పరీక్ష యని మాత్రము ఒప్పుకొనవలెను.

ఓడిపోయితినని ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మన దేశమునకు తగిన రాజ్యాంగమును మనవారే వ్రాసికొనవలెనని పలువురితో చర్చించి కామన్‌వెల్త్ ఆఫ్ ఇండియా బిల్లును సిద్ధపరచి, 1925లో బ్రిటిషు పార్లమెంటునకు పంపెను. అది శాసనము కాలేదు. భారతీయులు తమ రాజ్యాంగమును తామే రచించుకొనజాలుదురని చూపిన ప్రయత్నములలో అది యొకటి. 1933 సెప్టెంబరు 20వ తేదీన, ఎనుబదియారవ పుట్టినదినమునకు కొలది దినములు ముందుగా, ఆమె అడయారున కన్ను మూసెను. పుట్టిన దేశమునకు మరలిపోక, తాను వరించిన భూమిలోనే అగ్నికి ఆహుతి యయ్యెను.

అనీబిసెంటు నడపిన పత్రికలలో ధనము మిగిల్చినవి అరుదు. న్యూ ఇండియా నేడు లేదు. ది లింక్ ఏడాదికన్న ఎక్కువ నిలువలేదు. వ్యాపారదృష్టితో లెక్క కట్టినచో ఆమెను గొప్ప వణిజురాలని చెప్పుటకు వీలులేదు. కాని పత్రిక లాభమును ఒక్క ధనముతోనే కొలువలేము. కర్మాగారపు బాలికకు జరిమానా తప్పినది. వేలకొలది యువకులకు స్వరాజ్యమను మాట నోట పలుకు ధైర్యము వచ్చినది. స్త్రీలు మంత్రిముందు నిలిచి ఓటు అడిగిరి. శాసనము ముసుగు తొలగి దాని ముఖము జనులకు కనబడినది. ఇవి ఆ పత్రికల ఆదాయవ్యయపట్టికలో చేరని లాభములు.

ఆమె కథలో మనకు ముఖ్యమైన పాఠము మరియొకటి కలదు. తాను ఆర్జించిన ముప్పది షిల్లింగులపై హక్కు లేని స్త్రీ, పదివేల రూపాయల ధరావతు చెల్లించి దినపత్రికను నిలుపు స్థితికి ఎదిగినది. ఆ దూరము ఆమె ఒక్కతెయే నడచినది కాదు. శాసనములు మారినవి, లోకము మారినది. కాని శాసనములు తమంతట తాము మారవు. ఎవరో ఒకరు అవి అన్యాయములని వ్రాసి, అచ్చువేసి, దాని ఫలితమును తమ నెత్తిన వేసికొనవలెను. స్వతంత్రభారతరాజ్యాంగము 1950లో వాక్స్వాతంత్ర్యమును ప్రాథమికహక్కుగా మనకిచ్చినది. ఆ హక్కును ఉదయమున వార్తాపత్రిక విప్పునప్పుడు మనము అనాయాసముగ అనుభవించుచున్నాము. దానికి ముందే ధరావతు చెల్లించిన వారిని, వారు ఏ దేశమున పుట్టినవారైనను, మనవారిగనే తలచుట మన ధర్మము.